బండల వ్యాపారికి ఈమెయిల్ ప్రణాళిక: అడిగిన ప్రశ్న నుంచి ఆర్డరు దాకా

కడప జిల్లాలో వ్యాపారం చేసేవారి దగ్గర ఈమెయిల్ మార్కెటింగ్ ప్రస్తావన తెస్తే, వాట్సాప్ ఉండగా అదెందుకన్న ప్రశ్నే ముందుగా ఎదురవుతుంది. ప్రశ్న న్యాయమైనదే. ప్రొద్దుటూరులో చీరల అంగడికి వచ్చేవారిలో చాలామంది రైలు టికెట్టు కోసమో, బ్యాంకు స్టేట్‌మెంటు కోసమో తప్ప మెయిల్ తెరవరు; కొత్త సరుకు వచ్చిందని వారికి చెప్పడానికి వాట్సాప్ స్టేటస్ చాలు. ఊరి గిరాకీతోనే నడిచే అంగడి అయితే మెయిల్ మీద డబ్బు, కాలం పెట్టకపోవడమే మంచిదని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవారి సంగతి వేరు. వారి సరుకు కొనేది బెంగుళూరులోని ఆర్కిటెక్టు, చెన్నైలోని కాంట్రాక్టరు, కువైట్‌లో ఉద్యోగం చేస్తూ సొంత ఊళ్లో ఇల్లు కట్టిస్తున్న మనిషి. వీరెవరూ ఈరోజు ధర అడిగి రేపు లోడు ఎత్తించరు. పునాది వేసేటప్పుడు ధర అడుగుతారు, స్లాబు పడ్డాక మళ్లీ ఆలోచిస్తారు, గోడలకు పూత అయ్యాక గాని బండల మాట ఎత్తరు. ఈ నడుమ ఆరు నెలలో, ఒక్కోసారి ఏడాదో గడుస్తుంది. అప్పటికి వాట్సాప్‌లో మనం పంపిన ఫొటోలు పెళ్లి పత్రికల కింద, శుభోదయాల కింద ఎక్కడో కూరుకుపోయి ఉంటాయి. కొనేవారు దూరాన ఉండి, నిర్ణయానికి నెలలు పట్టే వ్యాపారానికి ఈమెయిల్ సరిపోతుంది. గ్రానైట్, యంత్రాల విడిభాగాలు, విదేశాల్లోని మనవారికి అమ్మే మాధవరం చీరలు ఈ కోవలోకే వస్తాయి. ఈ వ్యాసంలో బండల ఫ్యాక్టరీనే ఉదాహరణగా పట్టుకుని, ప్రణాళికను మొదటి నుంచి ఎలా వేసుకోవాలో వివరిస్తాను.

ప్రణాళిక అనగానే చాలామంది సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని, ఆఫీసులో ఫోను దగ్గర పెట్టి, రెండు వారాల పాటు ఫోను చేసినవారు ఏమి అడిగారో వారి మాటల్లోనే రాయించండి. ‘అన్నా, అడుగు ఎంత పడతాది?’ అన్నది ఎలాగూ ఉంటుంది. దానితో పాటు ‘నిమ్మకాయ పిండితే మచ్చ పడతాదంట, నిజమేనా?’, ‘ఏండ్లు గడిస్తే నలుపు పోయి బూడిద రంగు వస్తాదా?’, ‘లారీలో వచ్చేలోపల పగిలితే ఎవరిది బాధ్యత?’, ‘బేతంచెర్ల బండకూ మీ బండకూ తేడా ఏంది?’ వంటివి కూడా వస్తాయి. ఇరవై, ముప్పై ప్రశ్నలు పోగయ్యాక చూస్తే, అవే నాలుగైదు మళ్లీ మళ్లీ వచ్చినట్టు తేలుతుంది. మీరు ఏడాది పొడవునా రాయవలసిన మెయిళ్లు ఆ నోటుపుస్తకంలోనే ఉన్నాయి. ఎవరూ అడగని సంగతిని, అంటే ఫ్యాక్టరీకి కొత్త యంత్రం వచ్చిందనో, యజమానికి సన్మానం జరిగిందనో మెయిల్ పంపితే, అందుకున్నవారు రెండోసారి మీ పేరు చూసి తెరవకుండానే తీసివేస్తారు.

ఇక జాబితా. ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే కనుక ఇక్కడ కాస్త నిదానించాలి. ఎవరైనా ఫోను చేసి ‘పదివేల మంది బిల్డర్ల మెయిల్ ఐడీలు ఉన్నాయి, ఇంత ఇస్తే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాం’ అంటే తీసుకోవద్దు. ఆ పదివేల మందిలో ఒక్కరు కూడా మిమ్మల్ని ఏమీ అడగలేదు. వారిలో కొందరి చిరునామాలు ఎప్పుడో మూతపడి ఉంటాయి. మిగిలినవారిలో కొందరు స్పామ్ (అక్కరలేని మెయిల్) అన్న బటన్ నొక్కుతారు. ఆ రెండింటి వలన దెబ్బ తినేది మీ చిరునామా పరువే. తరువాత నిజంగా ధర అడిగిన మనిషికి పంపిన కొటేషన్ కూడా స్పామ్‌లోకే పోతుంది.

సొంత జాబితా చిన్నదిగానే మొదలవుతుంది. గత మూడేళ్ల బిల్లుల్లో, కొటేషన్లలో ఉన్న చిరునామాలను ఒకచోట చేర్చండి. కొనకపోయినా ధర అడిగి వెళ్లినవారి పేర్లు పారేయవద్దు. బండల వ్యాపారంలో ఈరోజు కొననివాడే మరుసటి ఏడాది రెండో అంతస్తుకు కొంటాడు. ఇప్పటికే మీతో లావాదేవీ ఉన్నవారికి ఒక చిన్న మెయిల్ పంపి, నెలకు ఒకసారి బండల గురించి పనికొచ్చే సంగతులు రాస్తామని, అవసరమైతే అలాగే ఉండండని, వద్దంటే ఒక్క నొక్కుతో తప్పుకోవచ్చని తెలియజేయండి. కొత్తవారి కోసం ఆఫీసు బల్ల మీద, శాంపిల్ ముక్కల వెనుక, విజిటింగ్ కార్డు మీద క్యూఆర్ కోడ్ వేయించవచ్చు. దానిని స్కాన్ చేస్తే తెరుచుకునే ఫారంలో పేరు, మెయిల్, ‘మీరు ఇల్లు కట్టుకుంటున్నారా, కట్టిస్తున్నారా, అమ్ముతున్నారా’ అన్న ఒక్క ప్రశ్న చాలు. పది గడులు పెడితే మూడోదాని దగ్గరే ఫోను జేబులో పెట్టేస్తారు.

రిజిస్టరులో చేత్తో రాయించుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. దానిలో చిక్కు ఏమిటంటే, ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరానికీ ఒకటి అంకెకూ తేడా తెలియదు, ఓ అక్షరం సున్నాలా కనిపిస్తుంది, జీమెయిల్ స్పెల్లింగులో ఒక అక్షరం ముందు వెనుకలవుతుంది. అందువలన ఎలా సేకరించినా, ‘ఈ చిరునామా మీదేనా’ అని అడుగుతూ ముందు ఒక నిర్ధారణ మెయిల్ పంపి, అందులోని లింకు నొక్కినవారినే జాబితాలో చేర్చుకోవడం మేలు. దీనివల్ల కొన్ని పేర్లు తగ్గుతాయి. మిగిలినవి మాత్రం నిఖార్సైనవి.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక ఫ్యాక్టరీ తరఫున దసరాకు ముందు డీలర్లందరికీ ధరల పట్టిక పంపుతూ, సుమారు నూట ఎనభై చిరునామాలను ‘టు’ గడిలోనే అతికించి పంపేశాను. ప్రతి డీలరుకూ మిగిలిన డీలర్లందరి చిరునామాలు కనిపించాయి. అరగంటలో ఒక డీలరు ఫోను చేసి, ‘ఏం సామీ, నీ గిరాకీలందరినీ ఒకేచోట పరిచినావే, నాకు శానా మేలు చేసినావు’ అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గాని, ఆ వారంలో ఇద్దరు డీలర్లు తమలో తాము మాట్లాడుకుని, ఎవరికి ఎంత తగ్గించామో కూడబలుక్కుని బేరానికి వచ్చారు. ఒకరి చిరునామా మరొకరికి కనిపించనివ్వని బీసీసీ గడి వాడితే ఈ తప్పు జరగదు గాని, అది కూడా పది, ఇరవై మందికే పనికొస్తుంది. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపడానికి వీలుండదు. అంతకన్నా ముఖ్యంగా, వద్దన్నవారిని తొలగించే ఏర్పాటు అందులో ఉండదు. కాబట్టి జాబితా యాభై దాటిన నాడే ఇందుకోసం తయారైన సర్వీసుకు మారండి.

సర్వీసు ఎంపిక గురించి రెండు మాటలు చాలు. జోహో క్యాంపెయిన్స్, మెయిల్‌చింప్, బ్రేవో వంటి వాటిలో ఏది తీసుకున్నా చిన్న వ్యాపారానికి సరిపోతుంది. కొన్ని జాబితాలోని పేర్ల సంఖ్యను బట్టి, కొన్ని పంపిన మెయిళ్ల సంఖ్యను బట్టి డబ్బు తీసుకుంటాయి. పేర్లు ఎక్కువై నెలకు ఒక్కటే పంపేవారికి రెండో పద్ధతి చవక.

సాంకేతికంగా తప్పనిసరిగా చేయించవలసిన పని ఒకటుంది. ఫ్యాక్టరీ పేరు మీద సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తరువాత వచ్చే పేరు) తీసుకుని, దానిమీద ఉన్న చిరునామా నుంచే పంపాలి. బయటి సర్వీసు ద్వారా పంపుతూ ‘పంపినవారు’ దగ్గర జీమెయిల్ చిరునామా పెడితే ఇప్పుడు చాలావరకు స్పామ్‌లోకే వెళుతుంది. డొమైన్ సెట్టింగులలో మూడు రికార్డులు పెట్టించాలి. ఎస్‌పీఎఫ్ అన్నది ఈ డొమైన్ తరఫున ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా. డీకిమ్ అన్నది ప్రతి మెయిల్ మీదా పడే సంతకం వంటిది; దారిలో ఎవరైనా మార్చితే అది సరిపోలదు. డీమార్క్ అన్నది ఈ రెండూ తప్పిన మెయిల్ వస్తే ఏమి చేయాలో అందుకునేవారికి మనం ఇచ్చే సూచన. ముందు నివేదికలు మాత్రమే పంపమని పెట్టి, అన్నీ సవ్యంగా ఉన్నాయని తెలిశాక గట్టి చేసుకోవచ్చు. లారీ లోడుకు వే బిల్లు, డ్రైవరు దగ్గర కాగితాలు, గేటు దగ్గర తనిఖీ ఎలాగో ఇవి అలాగ. డొమైన్ అమ్మినవారి సహాయ విభాగాన్ని అడిగితే గంటలో అయ్యే పని ఇది.

గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున పంపేవారికి వీటిని తప్పనిసరి చేశాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవారికి మూడు రికార్డులూ ఉండాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఉండాలి, తప్పుకున్నవారి కోరికను రెండు రోజుల్లో అమలు చేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మనం పంపేది ఆ సంఖ్యలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ ఫిర్యాదుల లెక్కను ఒకసారి మన జాబితాకు వేసి చూడండి. వెయ్యి మందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితేనే ఆ గీత తగులుతుంది. నాలుగు వందల మందిలో ఇద్దరు నొక్కితే 0.5 శాతం. తప్పుకునే లింకును చిన్న అక్షరాల్లో దాచేవారు ఈ లెక్క తెలియకనే ఆ పని చేస్తారు. లింకు దొరకని మనిషి చేతికి అందేది స్పామ్ బటనే.

పేర్లను మూడు గుంపులుగా చేయండి: సొంత ఇల్లు కట్టుకునేవారు, ఆర్కిటెక్టులూ కాంట్రాక్టర్లూ, డీలర్లు. అంతకన్నా ఎక్కువ గుంపులు చేస్తే రాసే ఓపిక ఎవరికీ ఉండదు. డీలరుకు కావలసింది లోడు ధర, సరుకు నిల్వ. ఆర్కిటెక్టుకు కావలసింది మందం, సైజులు, ఎంత సరుకు ఒకే రంగులో దొరుకుతుందన్న హామీ. ఇల్లు కట్టుకునేవారికి కావలసింది మోసపోకుండా ఉండటం. ముగ్గురికీ ఒకే మెయిల్ పంపితే అది ముగ్గురిలో ఒక్కరికీ అతకదు.

కొత్తగా చేరినవారికి మొదటి మూడు మెయిళ్లను ముందే రాసిపెట్టి, సర్వీసులో ఆటోమేటిక్‌గా వెళ్లేలా అమర్చాలి. మొదటిది చేరిన వెంటనే వెళ్లాలి. ఎందుకంటే ఆ క్షణంలో మీ పేరు వారికి గుర్తుంటుంది. రెండోది మూడు నాలుగు రోజులకు, మూడోది రెండు వారాలకు వెళితే చాలు. ఇంటివారి గుంపుకు వెళ్లవలసిన మొదటి మెయిల్‌కు ఒక నమూనా కింద ఇస్తున్నాను.

విషయం: నల్ల బండ మీద నిమ్మరసం పడితే?

‘నమస్కారం. మీరు వంటగదికి కడప నల్ల బండ ధర అడిగారు. ధర కంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ బండ సున్నపురాయి జాతికి చెందినది. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడి అలాగే ఉండిపోతే పాలిష్ తినేసి తెల్లని మచ్చ మిగులుతుంది. పడిన వెంటనే తడిగుడ్డతో తుడిచేయాలి. రోజూ పులుసులు వండే ఇంట్లో పొయ్యి పక్క ప్లాట్‌ఫాంకు గ్రానైట్ వేయించి, అలమార అరలకు, నేలకు ఈ బండ వేయించుకోవడం మంచిది. మీ వంటగది కొలతలు ఈ మెయిల్‌కే జవాబుగా పంపితే, ఎన్ని అడుగులు పడుతుందో లెక్క కట్టి చెబుతాము.’

ఈ మెయిల్ చూసిన ఒక యజమాని, సొంత సరుకు లోపాన్ని మనమే చెప్పడమేమిటని అభ్యంతరం చెప్పారు. అది మేస్త్రీ నోట ఎలాగూ తెలిసేదే. మన నోట ముందుగా తెలిస్తే, తరువాత మనం చెప్పే మంచి మాటకు కూడా విలువ వస్తుంది. పైగా ఇందులో అడిగినది ఒక్కటే: కొలతలు పంపమని. ఒకే మెయిల్‌లో ఫోను చేయండి, వెబ్‌సైటు చూడండి, ఫేస్‌బుక్‌లో లైక్ కొట్టండి, ఫ్యాక్టరీకి రండి అని నాలుగు పనులు చెబితే ఒక్కటీ జరగదు.

విషయం గడిలో మొదటి నాలుగైదు మాటలే ఫోనులో కనిపిస్తాయి కనుక అసలు సంగతి అక్కడే ఉండాలి. ‘బంపర్ ఆఫర్’, వరుసగా ఆశ్చర్యార్థకాలు వద్దు. భాష విషయంలో మొహమాటం అక్కరలేదు. మనవారికి తెలుగులో, బెంగుళూరు ఆర్కిటెక్టుకు ఇంగ్లీషులో రాయండి. తెలుగులో రాసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. డీటీపీ సెంటరులో అను ఫాంటుతో టైపు చేయించిన పాఠాన్ని నేరుగా అతికిస్తే అవతలివారికి పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏ ఫోనులోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే టైపు చేయించండి. ఆ చిక్కు తప్పించుకోవడానికి కరపత్రం మొత్తాన్ని ఒకే బొమ్మగా చేసి పంపేవారు ఉన్నారు. బొమ్మలు లోడు కాని ఫోనులో అది ఖాళీ తెల్ల కాగితమే. ఇంకొకటి, 102 కేబీ దాటిన మెయిల్‌ను జీమెయిల్ మధ్యలో కత్తిరించి మిగిలినది చూడాలంటే నొక్కమంటుంది. తెలుగు అక్షరం ఒక్కోదానికి యూనికోడ్‌లో సాధారణంగా కనీసం మూడు బైట్లు పడుతుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే. అందువలన అలంకారాలు ఎక్కువైన తెలుగు మెయిల్ ఆ హద్దుకు త్వరగా చేరుతుంది, అడుగున ఉన్న తప్పుకునే లింకు కూడా కోతలో పోతుంది.

ఎప్పుడు పంపాలన్నది పంచాంగాన్ని, గడియారాన్ని రెండింటినీ చూసి నిర్ణయించవలసిన విషయం. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు. శ్రావణంలో ప్రవేశం పెట్టుకున్నవారు నేల పని అంతకు ముందే ముగించాలి, అంటే బండలు వైశాఖ, జ్యేష్ఠాలలోనే లారీ ఎక్కాలి. కాబట్టి ఇంటివారి గుంపుకు ధరల మెయిల్ ఉగాది వెళ్లిన వెంటనే పంపితే సరిగ్గా అందుతుంది. శ్రావణంలో పంపే పండుగ రాయితీ మెయిల్‌కు అప్పటికే బండలు పరుచుకున్నవారు మిగులుతారు. చీరలు అమ్మేవారు వరలక్ష్మీ వ్రతానికి ఇదే లెక్క వేసి, విదేశానికి పార్సిల్ చేరే రోజులు కూడా కలుపుకుని, కనీసం ఐదారు వారాల ముందే పంపాలి.

గడియారం సంగతికి వస్తే, కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం మన సమయం రాత్రి ఏడున్నరకు పంపితే అక్కడ సాయంత్రం ఐదు, తీరికగా ఇంటి ప్లాను తీసి చూసుకునే వేళ. డల్లాస్‌లో ఉన్నవారికి శనివారం ఉదయం తొమ్మిదికి చేరాలంటే ఎండాకాలంలో మన రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు పంపాలి. ఆర్కిటెక్టుల ఆఫీసులకు సోమవారం ఉదయం పంపవద్దు. రెండు రోజుల సెలవు తరువాత పేరుకున్న మెయిళ్లను వారు చూడకుండానే తుడిచేస్తారు. నా అనుభవంలో మంగళ, బుధవారాలు మేలు.

నెలకు ఒకటి చాలు. రాయడానికి ఏమీ లేని నెలలో పంపకపోయినా నష్టం లేదు.

ఫలితాన్ని కొలిచేటప్పుడు ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మవద్దు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ తెచ్చినప్పటి నుంచి, మనిషి చూడకపోయినా మెయిల్ తెరిచినట్టు నమోదయ్యే అవకాశం ఉంది. బండల వ్యాపారానికి అసలు కొలత జవాబులు. ఉదాహరణకు నాలుగు వందల మందికి పంపితే పన్నెండు మంది కొలతలు పంపారు, వారిలో ఇద్దరు మూడు నెలల్లో ఆర్డరు ఇచ్చారు అనుకోండి. ఆ రెండు ఆర్డర్ల మీద మిగిలిన లాభాన్ని సర్వీసు బిల్లుతో, రాయడానికి పట్టిన పూటతో పోల్చి చూస్తే, పని కొనసాగించాలో మానాలో తెలిసిపోతుంది. ఇందుకోసం ఆర్డరు పుస్తకంలో ‘మన గురించి ఎలా తెలిసింది’ అన్న గడి ఒకటి పెట్టించి, గుమాస్తా దానిని నింపుతున్నాడో లేదో వారానికొకసారి చూడాలి. జవాబు పంపినవారికి ఆ రోజే తిరిగి రాయకపోతే పైన చెప్పినదంతా వృథా. కొలతలు పంపి నాలుగు రోజులు ఎదురు చూసిన మనిషి బేతంచెర్లకు ఫోను చేస్తాడు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, ఏ పని కోసమో తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కు తీసుకునే వీలుండాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే వీలు కల్పించాలి. వాటిలో తెలుగు ఉంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అమెరికాలో ఉన్నవారికి పంపేటప్పుడు అక్కడి 2003 నాటి క్యాన్‌స్పామ్ చట్టం మేరకు మెయిల్ అడుగున ఫ్యాక్టరీ తపాలా చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లో తొలగించాలి. ఎవరు, ఏ తేదీన, ఎక్కడ సమ్మతించారో జాబితాలోనే ఒక వరుసలో రాసిపెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు.

ఏడాదికి ఒకసారి, బిల్లుల సంవత్సరం ముగిసే మార్చిలో, జాబితాను జల్లెడ పట్టండి. చిరునామా లేదని తిరిగి వచ్చినవాటిని ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉండాలి. ఏడాదిగా ఒక్క లింకూ నొక్కక, ఒక్క జవాబూ రాయనివారిని విడిగా తీసి, ‘మీ ఇంటి పని పూర్తయిందా? ఇంకా మెయిళ్లు పంపమంటారా?’ అని ఒక్కసారి అడగండి. కొందరు ఇల్లు పూర్తయిందని ఫొటో పంపుతారు. అనుమతి అడిగి ఆ ఫొటోను తరువాతి మెయిల్‌లో వాడుకోవచ్చు. రెండు వారాల్లో ఏ జవాబూ రానివారి పేర్లు తీసేయండి.